మజహర్ మామ పేరున్న క్యారియర్

786

ఘాలా, మస్కట్
మంగళవారం

అబ్బాకు సలాం.

నేను డ్యూటీకి పోతున్నాను, తింటున్నాను, పడుకుంటున్నాను. అమ్మీ మోకాళ్ళు, నీ షుగరు, వంటింటి రేకుల కప్పు, అన్నీ అల్లా దయవల్ల పోయిన నెల ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయని అనుకుంటున్నాను. క్షేమ సమాచారం ఇంతే. దీని కింద రాసేదాంట్లో క్షేమం కోసం వెతకొద్దు.

మా రూమ్ ముఖీత్ సెలవు నుంచి వచ్చి నీ ఉత్తరం, అమ్మీ పంపిన నువ్వుల పొడి ఇచ్చాడు. నీ చేతిరాత చూసి ఎన్నేళ్ళయిందో. ఆ గొడవ తర్వాత ఇక ఫోన్‌లో గొంతు పెట్టనని ఒట్టు పెట్టుకున్నావట. నేనూ అంతే. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ ఆన్ చేస్తావు, నీ పక్కన మంచం మీద ఎప్పుడూ ఎవడో ఒక పార్టీవాడు కూర్చునే ఉంటాడు. అందుకే కాగితం. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటాయి. నీ టీ అంగట్లో నీకు పేపరు చదివి వినిపిస్తూ నేర్చుకున్న తెలుగే ఇది.

నువ్వు అడిగినవాటికి జవాబులు.

దగ్గు తగ్గలేదు. బౌషర్‌లో కొత్త ఆసుపత్రి కడుతున్నారు, దాంట్లో ఏసీ డక్టులు బిగించే పని మాది. రేకు గొట్టం లోపలికి పాక్కుంటూ పోయి బోల్టులు వేయాలి. దుమ్మంతా ముక్కులోకే. మందులు వద్దు, పంపొద్దు.

తబ్రేజ్‌ను మెస్ నుంచి తీసేశావా లేదా అని అడిగావు. తీసేశాను. ఎట్లా తీసేశానో కింద రాస్తాను.

ఇక ఆఖరిది. ‘మజహర్ మాట్లాడిన వాయిస్ నా చేతుల మీదుగా బయటికి పోలేదు’ అని ఒక్క లైను రాసి సంతకం పెట్టి పంపమన్నావు. అది జేబులో పెట్టుకుని, ఈ శుక్రవారం జుమ్మా అయినాక దర్గా మెట్ల మీద ఖురాన్ పట్టుకుని, ‘నా ఇంట్లోంచి పోలేదు’ అని ప్రమాణం చేస్తానన్నావు. నువ్వు ప్రమాణం చేస్తే మజహర్ మామ నమ్ముతాడట. నమ్మి, అందరి ముందర తన కొడుకు తబ్రేజ్‌కు ఇంట్లో చోటు లేదని చెప్పేస్తాడట.

ఆ లైను రాస్తాను. ముందు మిగతాది చదువు. మధ్యలో లేచి పోవద్దు.

నీకు తెలిసిన సంగతులే మళ్ళీ రాస్తున్నాను. ఎందుకంటే నువ్వు ఏదైనా నీకు కావలసినంత వరకే గుర్తుపెట్టుకుంటావు.

ఇరవై రెండేళ్ళు నువ్వు మన పార్టీ బూత్ ఏజెంటువి, మజహర్ మామ అవతలి పార్టీ ఏజెంటు. ఉర్దూ బడిలో మూడో నంబరు గది, ఒకే బెంచీ. ఆ కొసన ఆయన, ఈ కొసన నువ్వు. పొద్దున ఏడింటికి మీరిద్దరూ గొంతులు చించుకుని కొట్లాడుకునేవాళ్ళు. ‘ఆ ముసిలామె ఓటు ఎవురేపిచ్చినారో నాకు తెలీదనుకుంటివా పీరా?’ అని ఆయన, ‘సచ్చిపోయినోళ్ళ ఓట్లన్నీ మీకే కదప్పా పడేది, స్మశానం మీది, ఊరు మాది’ అని నువ్వు. ఒంటిగంటకు క్యారియర్ విప్పేవాళ్ళు. ఒక ఎన్నికకు అమ్మీ వండితే ఇంకో ఎన్నికకు సఫియా ఖాలా వండాలి. ఒకే క్యారియర్, నాలుగు గిన్నెలు, మూత మీద మజహర్ మామ పేరు కొట్టించి ఉంటుంది. పోలీసులు, ఆఫీసర్లు చూసి నవ్వేవాళ్ళు. కిటికీలోంచి చూసి నేనూ, తబ్రేజ్ కూడా నవ్వేవాళ్ళం. పార్టీ అంటే కొట్లాడి కలిసి తినడం అని మేం అనుకున్నాం. మా బుద్ధి అంతే.

ఇక్కడ రూమ్‌లో కూడా మేం అదే నడిపించాం. ఎనిమిది మంచాల్లో ఆరు మనవాళ్ళవి, రెండు వాళ్ళవి. ఏ ఎన్నికలో ఎవరు గెలిస్తే వాళ్ళు ఓడినవాళ్ళకు మటన్ వండిపెట్టాలి. పోయిన అసెంబ్లీకి తబ్రేజ్ గరిటె పట్టుకుని, ‘ఓడిపోయినోళ్ళు ముందు తినండబ్బా, ఏడ్చి ఏడ్చి ఆకలేసుంటాది’ అని నా ప్లేటులో నల్లి బొక్క వేశాడు. నాకు వీసా తీసిచ్చింది వాడు. రేకు వంచడం, డక్టులో ఊపిరాడకపోతే ఎటు తిరిగి పడుకోవాలో నేర్పింది వాడు. అది కూడా గుర్తుపెట్టుకో.

తర్వాత మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. మన వార్డు టికెట్ ఈసారి నీకేనని చెప్పారు. నీకూ హసన్‌కూ మధ్య ఉందని ఊరంతా అంటుంటే నువ్వు ఒప్పుకోలేదు. ‘హసన్ నా కుడి చెయ్యి, నా పేరు పైకి తీసుకుపోయేదే వాడు’ అని నాకు ఫోన్‌లో చెప్పావు. మజహర్ మామతో ఇరవై రెండేళ్ళు కొట్లాడిన నీకు, సొంత పార్టీలో నీ వెనక నిలబడ్డవాడు ఎవడో కనపడలేదు.

అప్పుడే మజహర్ మామ తబ్రేజ్ ఫోన్‌కు ఆ వాయిస్ మెసేజ్ పెట్టాడు. పీరా గనక నిలబడితే నా చెయ్యి ఇంకో బటన్ మీదికి పోదురా, ఏజెంటుగా మావాళ్ళ తరఫునే కూర్చుంటాను, గట్టిగానే కొట్లాడతాను, కానీ ఓటు మాత్రం వాడికే వేస్తాను అన్నాడు. ఆఖర్న మన ఉర్దూలో, నవ్వుతూ, ‘బేటా, కిస్కూ నక్కో బోల్’ అన్నాడు. ఎవరికీ చెప్పొద్దురా అని.

ఆ మాటే మన పార్టీవాళ్ళు మన పేటలో ఆటోకు మైకు కట్టి మూడు రోజులు తిప్పారు. ఆయన గొంతునే, ఆయన వీధిలోనే. ఆయన పార్టీవాళ్ళు ఆయన టైలరింగ్ అంగట్లోంచి కుట్టుమిషన్ తెచ్చి రోడ్డు మీద పారేసి, అంగడికి తాళం వేశారు. పిల్లకాయలు ఆయన వెనకాల పడి ‘కిస్కూ నక్కో బోల్’ అని అరిచేవాళ్ళట. అమ్మీ చెప్పింది. నమాజుకు కూడా సందులోంచి పోతున్నాడట, పెద్ద వీధిలోకి రావడం మానేశాడట.

నీ సంగతి. ఆ వాయిస్ పార్టీ గ్రూపులో పడిన పది నిమిషాలకు నువ్వు చప్పట్ల బొమ్మలు పెట్టావు. ఐదు. నేను లెక్కపెట్టాను. నీ స్నేహితుడి గొంతు వీధిలో పడిందని నీకు తట్టలేదు. శత్రువు కూడా నీకే ఓటు వేస్తున్నాడని నీకు పండగ. సాయంత్రానికి హసన్ అదే గ్రూపులో, ‘అవతలి ఏజెంటు పీరా చాచాకు ఊరికే ఓటేస్తాడా? ఇన్నేళ్ళూ మనం ఈ బూత్‌లో ఎట్లా ఓడుతూ వచ్చినామో ఇప్పుడు అర్థమైతాంది’ అని పెట్టాడు. అప్పుడు నీ చప్పట్లు తీసేశావు. కానీ ఎవడో వాటిని అప్పటికే మజహర్ మామకు చూపించాడు. ‘పీరా కూడానా’ అని ఒక్క మాట అన్నాడట ఆయన.

టికెట్ హసన్‌కు పోయింది. గెలిచాడు కూడా. పోలింగ్ రోజు నిన్ను ఏజెంటుగా కూర్చోమని ఎవరూ పిలవలేదు, ఆయన్నీ పిలవలేదు. ఎవరింట్లో వాళ్ళు తిన్నారు. ఇప్పుడు కౌన్సిలర్ హసన్ పెద్దమనిషయ్యాడు. వాయిస్ బయటికి పోయింది పీరా ఇంట్లోంచా, మజహర్ ఇంట్లోంచా, ఎవరో ఒకరు ప్రమాణం చేసి తేల్చుకోండి అన్నది కూడా వాడేనని రాశావు. ‘హసన్ న్యాయంగా మాట్లాడినాడు’ అని కూడా రాశావు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. నవ్వొచ్చింది.

ఇక తబ్రేజ్‌ను ఎట్లా తీసేశానో రాస్తాను. నువ్వు అడిగావు కదా.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి అన్నానికి దస్తర్‌ఖాన్ పరిచాం. తబ్రేజ్ ప్లేటు పట్టుకుని వచ్చాడు.

‘యాడికి?’ అన్నాను. ‘తండ్రి గొంతు అమ్ముకున్నోనికి మా కాడ కూడు లేదు.’

‘ఫుర్ఖాన్, నేను ఎవురికీ పంపల్యా. నీకు ఒగనికి వినిపిచ్చినా. అంతే.’

‘వినిపిచ్చేది వేరు, పంపేది వేరు. వాయిస్ ఎవురి ఫోన్లో ఉన్నింది?’

‘నా ఫోన్లో.’

‘ఇంగ ఎవుడప్పా పంపింది? ఫోనే లేచి కూర్చోని పంపిందా?’

రూమంతా నవ్వింది. ‘లాయరు కావల్సినోడు, డక్టులో దూరినాడు’ అని ముఖీత్ నా వీపు తట్టాడు. నా ఫోన్ తీసి అందరికీ చూపించాను, వెతుక్కోండి అన్నాను. దాంట్లో ఏమీ లేదు. తబ్రేజ్ ఖాళీ ప్లేటుతో అట్లాగే నిలబడ్డాడు. వాడి పార్టీవాడు ఇంకొకడున్నాడు కదా, వాడు కూడా తల వంచుకుని తింటూ ఉన్నాడు. ఆ రోజు నుంచి తబ్రేజ్ బయట మెట్ల మీద కూర్చుని కుబ్బూస్ రొట్టె, పెరుగు తినేవాడు.

నాకు అది చాలలేదు. మరుసటి రోజు కంపెనీ బస్సులో ఆ వాయిస్ మళ్ళీ పెట్టాను. గ్రూపులో పడిందే. చివర్న ఉన్న ఉర్దూ ముక్క బంగ్లావాళ్ళకు, పాకిస్తానీలకు, అందరికీ అర్థమయ్యేదే కదా. ఆఖరి మాట వచ్చినప్పుడు బస్సంతా ఒకటే నవ్వు. వారం తిరక్కుండానే సైట్‌లో అది సామెతయింది. ఎవడి స్పానర్ పోయినా ‘కిస్కూ నక్కో బోల్’, ఎవడైనా టాయిలెట్‌లో సిగరెట్ తాగినా ‘కిస్కూ నక్కో బోల్’. తబ్రేజ్ ముందు సీట్లో కూర్చునేవాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. వాడి మెడ మాత్రం కనపడేది. వాళ్ళ అబ్బా గొంతు విని నవ్వే నలభై మందిని రోజుకు రెండుసార్లు భరించాడు.

మూడు వారాలకు రైసూత్‌కు బదిలీ అడిగి వెళ్ళిపోయాడు. పన్నెండు గంటల బస్సు. అక్కడ పోర్టు దగ్గర గోదాముల్లో పని. వాడు పోయిన రోజు వాడి మంచం మీద మా చెప్పుల స్టాండు పెట్టుకున్నాం.

నీ ఉత్తరంలో నువ్వు ఏం రాశావు? ‘వాయిస్ ఎవరి ఫోన్‌లో ఉందో వాడే పంపినట్టు కదా’ అని రాశావు. నేను రూమ్‌లో చెప్పిన మాటే. ఒక్క అక్షరం తేడా లేదు. నీ కొడుకును కానని ఎవరైనా అంటే ఇది చూపించు.

పోయిన గురువారం హసన్ ఫోన్ చేశాడు. వాయిస్ పెట్టడు వాడు, తెలివైనవాడు.

‘యేం ఫుర్ఖాన్, బాగుండావా? మీ అబ్బా శుక్రవారం ప్రమాణం చేచ్చాడంట.’

‘తెలుసు.’

‘ఆపగాకు. చేయనీ.’

‘ఎందుకు?’

‘ఎందుకేందిరా? నేను ముందర వరసలోనే కూర్చుంటా. మీ అబ్బా ఖురాన్ మీద చెయ్యి పెట్టినాక ఇంగ మీ ఇల్లంతా నాదే. నేను లెయ్యమంటే లేచ్చాడు, కూర్చోమంటే కూర్చుంటాడు. మళ్ళా ఎలక్షన్‌కు టికెట్ మాటే ఎత్తడు. నువ్వు కూడా ఎత్తవు.’ నవ్వాడు. ‘నీ కాడినుంచి నాకు వచ్చిన మెసేజ్ ఇంకా భద్రంగానే ఉందిలే.’

అర్థమైంది కదా. అర్థం కాకపోతే ఇంకా విడమరిచి రాస్తాను.

తబ్రేజ్‌కు ఆ వాయిస్ వచ్చిన రోజు కూడా శుక్రవారమే. జుమ్మా అయినాక రూమ్‌లో పడుకుని ఉన్నాం. తబ్రేజ్ నా మంచం మీదికి వచ్చి, ఫోన్ నా చెవి దగ్గర పెట్టి, ‘విను, మీ అబ్బాకు మా అబ్బా ఓటంట. ముసలోళ్ళిద్దరికీ పిచ్చి పట్టిందిరా’ అన్నాడు. వాడికి కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. ఫోన్ నా తలగడ పక్కన చార్జింగ్‌కు పెట్టి స్నానానికి పోయాడు. లాక్ నాకు తెలుసు, వాడు నా దగ్గర ఏదీ దాచలేదు. వాడి ఫోన్‌లోంచి నా ఫోన్‌కు పంపుకున్నాను. వాడి ఫోన్‌లో ఆ గుర్తు చెరిపేశాను. నా ఫోన్‌లోంచి హసన్‌కు పంపాను. ‘అవతలి ఏజెంటే మా అబ్బాకు ఓటేస్తా అంటాండాడు. పైన వాళ్ళకు వినిపించు. టికెట్‌కు ఇంతకంటే ఏం కావాల?’ అని రాశాను. ‘షాబాష్’ అని జవాబిచ్చాడు. తర్వాత నా ఫోన్‌లోనూ చెరిపేశాను. తబ్రేజ్ తల తుడుచుకుంటూ వచ్చి, ‘చాయ్ పెట్టేదా?’ అని అడిగాడు. పెట్టు అన్నాను. తాగాను.

నీ మీద ప్రేమతో చేశానని రాయొచ్చు. అబద్ధం. నువ్వు కౌన్సిలర్ అయితే నేను ఈ రేకు గొట్టాల్లో పాకే పని తప్పుతుందని చేశాను. ఇంకొకటి కూడా ఉంది. ఆ వాయిస్‌లో మజహర్ మామ అంత ప్రేమగా నీ పేరు పలికిన తీరు నాకు నచ్చలేదు. ఎవడైనా నా పేరు అట్లా పలకగలడు అంటే వాడు తబ్రేజ్ ఒక్కడే. నువ్వు కాదు. నువ్వు నా గురించి మాట్లాడినప్పుడల్లా ‘మస్కట్‌లో ఉండాడు’ అంటావు, అంతకుమించి ఒక్క మాట ఉండదు.

నువ్వు అడిగిన లైను ఇదిగో. మజహర్ మామ వాయిస్ నా చేతుల మీదుగానే బయటికి పోయింది. సంతకం కింద ఉంది.

మంచితనం పుట్టుకొచ్చి రాయడం లేదు. హసన్ ఫోన్ చేయకపోతే నువ్వు అడిగిన అబద్ధమే రాసి పంపేవాణ్ణి, నువ్వు ప్రమాణం చేసేవాడివి, తబ్రేజ్ వీధిన పడేవాడు, నేను నువ్వుల పొడి కలుపుకుని అన్నం తినేవాణ్ణి. తబ్రేజ్ మెట్ల మీద తినడం చూసి బయటికి రాని నిజం, హసన్ ముందు వరసలో కూర్చుని నవ్వుతాడని తలుచుకుంటే వచ్చింది. నేను అంతే. దాన్ని పెద్దది చేసి చెప్పుకోను.

ఇవాళ మధ్యాహ్నం తబ్రేజ్ రైసూత్ నుంచి వచ్చాడు. వీసా క్యాన్సిల్ చేసుకుంటున్నాడు, ఆఫీసులో కాగితాల మీద సంతకాలు పెట్టడానికి వచ్చాడు. మెట్ల మీద కూర్చున్నాడు, లోపలికి రాలేదు. నేనే బయటికి పోయాను.

‘నౌకరీ ఎందుకు ఇడిసిపెడుతుండావు?’ అన్నాను.

‘శుక్రవారం ఆడ నిలబడల్ల. మీ అబ్బా నా మొగం చూసి ప్రమాణం చేయల్ల.’

‘మీ అబ్బా నిన్ను రావొద్దన్నాడంట కదా.’

‘అన్నాడు. ఆయన మాట ఆయనది.’

నేనే చేశానని చెప్పాను. తలెత్తి నన్ను చూశాడు. కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను.

‘కొత్తగా చెప్తాండావే’ అన్నాడు. ‘నీకు కాక ఇంగెవురికి వినిపిచ్చినా? మొదటి పూటే తెలుసు. ఆ పొద్దు బస్సులో నువ్వు మళ్ళా పెట్టినావు చూడు, అప్పుడు అనుకున్నా, వీడు యాడిదంకా పోతాడో చూచ్చామని. చానా దూరం పోతివి, ఫుర్ఖాన్. నీతోడు అంత దూరం నేను పోలేను.’

‘ఒక ఉత్తరముంది, మా అబ్బాకు ఇయ్యల్ల’ అన్నాను.

‘మీ పార్టీ ఉత్తరాలు నేనెందుకు మొయ్యల్ల?’

‘దాంట్లో నిజం ఉంది. కవరు అంటియ్యను. చదువుకో.’

‘నాకు తెలిసిందే కదా, చదివేదేముంది?’ అన్నాడు. అయినా చెయ్యి చాపాడు. ‘రాసినాక ఇయ్యి. నా ఫ్లైట్ రేపు.’ లోపలికి రమ్మని పిలిచాను. వాడి మంచం మీద ఉన్న చెప్పుల స్టాండును తలుపులోంచే చూశాడు. ‘వద్దులే, చెప్పులు కదిలియ్యగాకండి’ అన్నాడు.

కాబట్టి, అబ్బా, ఎవడి ముఖం చూడనని ఉత్తరంలో రాశావో వాడి చేతిలోంచే ఇది తీసుకున్నావు. నువ్వు చదువుతూ ఉంటే వాడు గడప బయట నిలబడే ఉంటాడు. తలెత్తి చూడు. కూర్చోమని అను. కూర్చోడు. అయినా అను.

శుక్రవారం ప్రమాణం చేస్తావో, మానేస్తావో, నా పేరు చెప్తావో నీ ఇష్టం. చెప్పకపోతే హసన్ చెప్పినట్టు బతుకు. చెప్తే మజహర్ మామ నిన్ను ఏమీ అనడు, ఆయన అట్లాంటివాడు, అదే నీకు ఎక్కువ కష్టం. నన్ను ఏం చేయాలో మీరిద్దరూ ఒక బెంచీ మీద కూర్చుని తేల్చండి. ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. నేను ఫోన్ ఎత్తను.

ఒక్క పని మాత్రం చేయి. పోయిన అసెంబ్లీ పోలింగ్ నాటి క్యారియర్ మనింట్లోనే ఉండిపోయింది. వంటింట్లో పై అరలో ఉంటుంది, మూత మీద ఆయన పేరు చూసుకో. గురువారమే తీసుకుపోయి ఇచ్చిరా. సందులోంచి కాదు, పెద్ద వీధిలోంచి పో. గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని అమ్మీ అంటుంది కదా. ఏమీ వండించొద్దు. ఈ ఉత్తరం దాంట్లో పెట్టి ఇవ్వు.

ఇట్లు,
నీ ప్రమాణానికి పనికిరాని కొడుకు,
ఫుర్ఖాన్